“అన్నా, బేస్ రావట్లేదు!”: బేస్ గిటార్ యాంప్, బాక్సు సమస్యలు - పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు వైపు బేస్ గిటార్ ఎక్కువగా మూడు చోట్ల వినిపిస్తుంది: పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, చర్చి క్వయర్లలో, కాలేజీ బ్యాండుల్లో. ముగ్గురూ అడిగేది మాత్రం ఒకటే: “బేస్ సరిగా రావట్లేదన్నా, ఇంకా పెద్ద యాంప్ తీసుకుందామా?” ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్‌కి బస్సెక్కే ముందు ఇది ఒకసారి చదవండి. తప్పు యాంప్‌లో ఉండడం తక్కువ. వైర్లోనో, స్పీకర్ బాక్సులోనో, గదిలోనో, కరెంటులోనో ఉండడం ఎక్కువ. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దం మోతకి కొలత). అంత డబ్బు పోసినా చెవికి “కొంచెం పెరిగినట్టుందే” అనిపిస్తుందంతే.

ఇక్కడ వరస యాంప్ లోపలి భాగాల ప్రకారం పెట్టలేదు. వాయించేవాళ్ళు సమస్యను ఏ మాటల్లో చెబుతారో ఆ మాటలతోనే పెట్టాను.

“ఒక బాక్సుతో బాగుంది, రెండోది తగిలిస్తే బేస్ పోతా ఉంది”

బాక్సు కలిపితే బేస్ పెరగాలి. రెండు బాక్సులూ సరిగ్గా కలిస్తే కింది స్వరాల్లో 6 డెసిబెల్స్ దాకా లాభం రావచ్చు. తగ్గిందంటే ఒకదాని కోన్ (స్పీకర్‌లో కదిలే కాగితపు గిన్నె) బయటికి తోస్తుంటే రెండోదాని కోన్ లోపలికి లాగుతోందన్నమాట. ఇది నెట్టిన గాలిని అది మింగేస్తోంది. పై స్వరాలు బాగానే వినిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్పీకర్ రీకోనింగ్‌కి (కోన్, కాయిల్ కొత్తవి వేయించడానికి) వెళ్ళొచ్చాకో, వైర్లు సొంతంగా సోల్డర్ చేసుకున్నాకో ఇది మొదలవుతుంది.

యాంప్ నుంచి వైరు పీకేయండి. 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ తీసుకుని, ప్లస్ వైపు జాక్ కొనకీ, మైనస్ వైపు జాక్ ఒంటికీ ఒక్క క్షణం తాకించండి. “టప్”మని కోన్ కదులుతుంది. బయటికి వస్తే సరైనది, లోపలికి పోతే తిరగబడినట్టు. అన్ని వైపులా మూసిన బాక్సులో కదలిక చాలా చిన్నగా ఉంటుంది. జాలీ విప్పి, వేలి కొన కోన్ మీద ఆనించి ఉంచితే తెలుస్తుంది. నాలుగు స్పీకర్ల బాక్సయితే నాలుగింటినీ ఇలాగే చూడండి. ఒక్కటి తిరగబడి ఉన్నా బాక్సు మొత్తం డొల్లగా మోగుతుంది. తిరగబడినదాని వెనక రెండు వైర్లూ అటుదిటు మార్చితే పని అయిపోయింది. పైసా ఖర్చు లేదు.

“నాకేమో వినపడదు, కింద కూర్చున్నోళ్ళకి చెవులు పగిలిపోతా ఉన్నాయి”

కల్యాణ మండపాల స్టేజీ మీద బేస్ వాయించేవాడికి దొరికేది మూల. వెనక గోడ, పక్కన డ్రమ్స్, బాక్సేమో మోకాళ్ళ వెనక. తీగ నుంచి వచ్చే గంభీరమైన భాగం అన్ని దిక్కులా పాకుతుంది. వేలు తీగను మీటిన శబ్దం, అంటే ఏ స్వరం వాయిస్తున్నామో చెప్పే భాగం, కోన్‌కి ఎదురుగా తిన్నగా వెళ్తుంది. మనం దగ్గర నిలబడ్డాం కాబట్టి అది పిక్కలకి తగిలి ముందు వరస కుర్చీల వాళ్ళ చెవుల్లోకి పోతుంది. పిక్కలకి చెవుల్లేవు కదా, మనం వాల్యూమ్ పెంచుతాం.

బాక్సును గట్టి స్టూలు మీదికి ఎత్తండి, లేదా ముందు అంచు కింద ముక్క పెట్టి వెనక్కి వాల్చండి. రెండు బాక్సులుంటే పక్కపక్కన వద్దు, ఒకదానిమీద ఒకటి నిలబెట్టండి. పై బాక్సు చెవికి దగ్గరవుతుంది, శబ్దం కూడా పక్కలకి మెరుగ్గా పరుచుకుంటుంది.

పెద్ద బాక్సుల మీద మోజు ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, దానికి జోడీగా 1952లో బాస్‌మ్యాన్ యాంప్ తెచ్చింది. అందులో 15 అంగుళాల స్పీకర్ ఒక్కటే. రాక్ బ్యాండ్ల హోరు పెరిగేకొద్దీ అలాంటివి చాలలేదు. 1969లో యాంపెగ్ ఎస్‌వీటీ వచ్చింది: 300 వాట్లు, లోపల గాజు ట్యూబులు, హెడ్ (బాక్సు లేకుండా విడి యాంప్) ఒక్కటే దాదాపు 38 కిలోలు, కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న నిలువెత్తు బాక్సు. వాయించేవాళ్ళు దాన్ని ఫ్రిజ్ అని పిలుస్తారు. మోయడానికి ఇద్దరు కావాలి.

అంత పెద్ద బాక్సు కదా, భూమి లోతుల్లోంచి బేస్ తీస్తుందనుకుంటాం. తియ్యదు. మూసిన బాక్సు కావడంతో 60 హెర్ట్జ్ (సెకనుకి 60 కంపనాలు) దగ్గరే దాని బలం తగ్గడం మొదలవుతుంది. బేస్ గిటార్‌లో మందపాటి ‘ఈ’ (E) తీగ స్వరం 41 హెర్ట్జ్. అంటే అసలు స్వరం అందులో ఇప్పటికే బాగా సన్నగిల్లింది. మనం వినేది ఎక్కువగా దాని పైనున్న 82, 123 హెర్ట్జ్ పొరల్ని. వాటిని బట్టి కింది స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటుంది. స్వరం స్పష్టంగా, గుండెకి తగిలినట్టు రావడానికీ, మిగతా వాయిద్యాల మధ్య మునిగిపోకుండా ఉండడానికీ కారణం అదే. పైగా పై వరస స్పీకర్లు చెవికి దగ్గర. పది అంగుళాలవి నాలుగున్నా చాలు, వాటి కోన్ల విస్తీర్ణం ఒక్క 15 అంగుళాల దానికన్నా ఎక్కువ. “పదిహేను అంగుళాలదైతేనే బేస్” అన్న మాట నేను నమ్మను. ఎంత కిందికి దిగుతుందో తేల్చేది స్పీకర్ అంగుళాలొక్కటే కాదు, బాక్సు లోపలి ఖాళీ, దాని రంధ్రం కూడా.

ఇందులోంచే ఇంకో చికిత్స. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మధ్య స్వరాలు తగ్గించి, అటూ ఇటూ పెంచితే కమ్మగా ఉంటుంది, ఎందుకంటే తక్కువ వాల్యూమ్‌లో చెవికి కింది స్వరాలు సరిగ్గా అందవు. అదే సెట్టింగుతో స్టేజీ ఎక్కితే బేస్ మాయం. అన్నీ మధ్యకి తెచ్చి, 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కాస్త పెంచండి. ఒంటరిగా వింటే మొరటుగా ఉంటుంది, పాటలో అతుకుతుంది. అప్పటికీ వినపడకపోతే కీబోర్డ్ అన్న ఎడమచెయ్యి చూడండి. బేస్ లేని కచేరీలకి అలవాటుపడి ఆయనా కింది స్వరాలే నొక్కుతుంటాడు. “అన్నా, ఆ చెయ్యి ఒక ఆక్టేవ్ పైకి పెట్టుకోవా” అని అడగడమే దానికి మందు.

“ఒక్క స్వరం దద్దరిల్లిపోతా ఉంది, పక్క స్వరం లేనే లేదు”

ఇది గది పని. 41 హెర్ట్జ్ శబ్దానికి ఒక అల పొడవే 8 మీటర్లు దాటుతుంది. మన మిద్దెమీద ప్రాక్టీసు గదికన్నా పెద్దది. గదిలో ఎదురెదురు గోడల మధ్య సగం అల సరిగ్గా ఇమిడితే ఆ స్వరం ఉబ్బిపోతుంది. 12 అడుగుల గదికి అది 47, 48 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ‘ఈ’ (E) తీగ మీద రెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు), మూడో ఫ్రెట్ నొక్కి చూడండి, కిటికీ రెక్కలు మాట్లాడతాయి. ఇంకో తమాషా: గోడల దగ్గర అంత మోత ఉన్న స్వరం గది నడిమధ్యలో దాదాపు వినపడదు. వాయించేవాడు నడుమ నిలబడి “రాలేదు” అంటాడు, గోడకి ఆనుకున్నవాడు చెవులు మూసుకుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 12 అడుగులకు 12 అడుగుల చదరపు గది అయితే రెండు జతల గోడలూ ఒకే స్వరం దగ్గర కలిసి మోగుతాయి, అది మరీ ఘోరం.

బాక్సును మూలలోంచి తీసి గోడ వెంబడి జరుపుతూ పోండి. ఒక్కో చోట అదే స్వరం వాయించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఈక్వలైజర్‌లో ఆ ఒక్క చోటే 3 నుంచి 6 డెసిబెల్స్ కోయండి. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించడం వల్ల బేస్‌కి ఒరిగేదేమీ లేదు. అవి కీచుదనాన్ని కాస్త తగ్గిస్తాయంతే.

ఒక కొలత మాత్రం గుర్తుంచుకోవాలి. స్పీకర్ ముఖం వెనక గోడకి మీటరు దూరంలో ఉంటే, గోడకి తగిలి తిరిగొచ్చిన శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. బేస్ ఎక్కువగా తిరుగాడే చోటది. కాబట్టి బాక్సు వీపును గోడకి దాదాపు ఆనించండి. రంధ్రం వెనక ఉంటే జానెడు వదలండి. జాతరలో చెక్క పలకల స్టేజీ అయితే బాక్సు కింద మందపాటి స్పాంజి ముక్క వేయండి, లేకపోతే కింద డొల్లగా ఉన్న స్టేజీ కూడా మీతో పాటు వాయిస్తుంది.

“గట్టిగా వాయిస్తే ఆగిపోతా ఉంది, కాసేపటికి మళ్ళీ వస్తా ఉంది”

మొదట ఓమ్స్ లెక్క, అంటే బాక్సు కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. 8 ఓమ్స్ బాక్సులు రెండు కలిపితే 4. 4 ఓమ్స్‌వి రెండు కలిపితే 2. యాంప్ వెనక “కనీసం 4 ఓమ్స్” అని రాసి ఉంటే 2 ఓమ్స్ కుదరదు. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకి వైరు లాగినా లెక్క మారదు, అది కూడా పక్కపక్కన కలపడమే. ఇప్పుడొచ్చే క్లాస్-డి యాంపులు రెండు మూడు కిలోలే ఉంటాయి, ఒంటి చేత్తో తేవచ్చు. ఓమ్స్ ఇలా మరీ తగ్గితే తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. ట్యూబు యాంప్‌కి లెక్క వేరు: బాక్సు తగిలించకుండా ఎప్పుడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

రెండోది వైరు. గిటార్ వైరూ స్పీకర్ వైరూ బయటికి ఒకేలా ఉంటాయి, జాక్ కూడా అదే. గిటార్ వైరు లోపల తీగ సన్నం, అది వేడెక్కుతుంది. స్పీకర్ వైర్లకి ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టుకోండి. స్పీకాన్ (స్పీకర్ వైర్లకే వాడే, తిప్పి బిగించే) పిన్ను ఉంటే అదే వాడండి, అప్పుడు ఈ గొడవే రాదు.

మూడోది ఎండ, కరెంటు. మే నెలలో తిరుపతి గంగ జాతర రోజుల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. యాంప్ మీద గుడ్డ కప్పడం, ఫ్యాన్ రంధ్రం గోడకి ఆనించడం చేయకండి. జనరేటర్ మీద లైటింగ్, సౌండ్ ఒకే ఫేజ్‌లో ఉంటే లైట్లు వెలిగినప్పుడల్లా వోల్టేజీ పడిపోతుంది. సౌండ్‌కి వేరే ఫేజ్ అడగండి. చుట్ట విప్పని ఎక్స్‌టెన్షన్ వైరు కూడా వేడెక్కుతుంది, పూర్తిగా విప్పి పరచండి. ప్లగ్గు పెట్టే ముందు మీటరుతో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టుపక్కల ఉందో లేదో చూడాలి. న్యూట్రల్ వదులైతే అదే ప్లగ్గులో 300 దాటి కూడా రావచ్చు. “ఏం కాదులే అన్నా” అని జనరేటర్ అబ్బాయి అన్నా సరే, మీరే చూసుకోండి.

“గుయ్‌మని హమ్మింగ్”

మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం బేస్ వాయించేవాళ్ళకి ఒక సౌకర్యం. ‘ఈ’ (E) తీగ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 49 హెర్ట్జ్. వట్టి జి తీగ 98. హమ్మింగ్ మొదటిదానితో శ్రుతి కలిస్తే అది 50, అంటే ఎర్తింగ్ చిక్కో, వైరు షీల్డు తెగడమో. వట్టి జి తీగతో కలిస్తే అది 100, అంటే యాంప్ లోపలి పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు నీరసించాయేమో చూపించాలి. అది ఇంట్లో విప్పే పని కాదు, ఆపేసిన తర్వాత కూడా వాటిలో ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉంటుంది. సన్నగా జుయ్‌మంటూ, మీరు తిరిగే దిక్కును బట్టి మారుతుంటే పక్కనున్న సీరియల్ సెట్లనో డిమ్మర్‌నో అనుమానించండి.

మిక్సర్‌కి కలిపినప్పుడు మాత్రమే హమ్ వస్తే డీఐ బాక్సు (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం కోయకండి. హమ్ పోతుంది, పాడేటప్పుడు మైక్‌కి పెదవి తగిలితే చుర్రుమనేది అలాంటి చోటే. బ్యాండు మొత్తానికీ ఒకే బోర్డు నుంచి, ఒకే ఎర్త్ తీసుకోవడం సరైన పద్ధతి.

“గరగర వస్తా ఉంది”

గిటార్ యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. జాక్ పెట్టి వదిలేసినా అది అరిగిపోతుంది. తర్వాత కింది నుంచి పైకి ఒక్కో స్వరమే నెమ్మదిగా వాయించండి. ఒక్క స్వరం దగ్గరే గరగర వస్తే జాలీనో, పిడినో, మరనో వదులైనట్టు. చేత్తో అదిమితే ఆగుతుంది. అన్ని స్వరాలకీ వస్తే యాంప్ ఆపి, రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకున్న శబ్దం వినిపిస్తే కాయిల్ రాసుకుంటోంది. అప్పుడు రీకోనింగే.

“ఐదు తీగల గిటార్ కొన్నాక కోన్ ఎగిరెగిరి పడతా ఉంది”

ఐదో తీగ బి స్వరం 31 హెర్ట్జ్. రంధ్రమున్న బాక్సులు ఒక స్థాయికి ట్యూన్ చేసి ఉంటాయి. దాని కిందికి దిగితే లోపలి గాలి కోన్‌ని పట్టి ఉంచదు. శబ్దం పెరగదు, కోన్ మాత్రం ఊగుతుంది. 30, 35 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (దాని కింది శబ్దాన్ని ఆపేది) పెట్టి, బేస్ నాబ్ తగ్గించండి.

“ఏ శబ్దమూ లేదు, లైటు మాత్రం వెలుగుతా ఉంది”

యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్‌లో (ఎఫెక్ట్ పెడల్స్ కలిపే రెండు సాకెట్లు) సెండ్ నుంచి రిటర్న్‌కి పొట్టి వైరు ఒకటి పెట్టండి. శబ్దం వస్తే రిటర్న్ జాక్ లోపలి రేకు తుప్పు పట్టింది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి జాక్‌ని నాలుగుసార్లు పెట్టి తీయండి. రాకపోతే బాక్సు వైరు విప్పి, దాని కొనల మధ్య మీటరు పెట్టండి. 8 ఓమ్స్ బాక్సు 6 చుట్టుపక్కల చూపించాలి. ఏమీ చూపించకపోతే ముందు వైరు మార్చి మళ్ళీ చూసి, ఆ తర్వాతే స్పీకర్ విప్పండి.