సోమలత కాడ ముడత పడితే వెంటనే నీళ్లు పోయకండి

బెజవాడ మొగల్రాజపురంలో కొండను ఆనుకున్న వీధి మాది. మే నెలలో ఆ బండ రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. మిద్దె మీద కరివేపాకు కూడా తల వాల్చే ఆ రోజుల్లో సోమలత మాత్రం చెక్కుచెదరలేదు. నా దగ్గర పోయిన రెండు తీగలూ వానాకాలంలోనే పోయాయి, అదీ నేను ప్రేమగా పోసిన నీళ్లతో.

సోమలతది జిల్లేడు కుటుంబం. తీగజెముడు అని కూడా అంటారు. పెన్సిల్ కన్నా సన్నని పచ్చని కాడలు, గిల్లితే తెల్లని పాలు. ఎండిన రాతి గుట్టల మీద పొదలకు చుట్టుకుని పెరుగుతుంది. వేదాల్లో చెప్పిన సోమం ఇదేనా అన్న తగవు ఇంకా తేలలేదు. కుండీలో తీగ బతకడానికి ఆ తగవుతో పని లేదు.

ఆకులు రావడం లేదు

రావు. ఉన్నా కంటికి ఆనని పొలుసులే. ఆకు చేయాల్సిన పని కాడే చేస్తుంది. ఎరువు వేయకండి.

కాడలు ముడతలు పడి వేలాడుతున్నాయి

దీనికి కారణాలు రెండు, అవి పూర్తిగా ఎదురెదురు. దాహం వేసినా కాడ ముడుచుకుంటుంది, వేరు కుళ్లినా ముడుచుకుంటుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కదా. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, చెంబు అందుకునే ముందు కుండీని ఎత్తి చూడండి. తేలికగా ఉండి, మొదలు గట్టిగా ఉంటే దాహమే. అడుగు నుంచి కారేదాకా ఒకసారి నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో కాడ నిండుతుంది. కుండీ బరువుగా ఉండి, మొదలు గోధుమ రంగుకు తిరిగి, నొక్కితే మెత్తగా దిగితే అది కుళ్లు.

మన దగ్గర కుళ్లుకు ప్రధాన కారణం మట్టి. గుంటూరు వైపు నల్లరేగడి పత్తికి బంగారం, ఈ తీగకు మాత్రం ఉరి. తడిస్తే రోజుల తరబడి ఆరదు, వేరుకు గాలి అందదు. నేను ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక రెండు పాళ్లు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు ఒక పాలు కలుపుతాను. కుండీ మట్టిదైతే మేలు. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన పడని చూరు కిందికి జరపండి.

కుళ్లు మొదలైన తీగను ఎలాగైనా నిలబెట్టాలని చూడకండి, కొసలను దక్కించుకోండి. కోసిన చోట లోపల పచ్చగా ఉండి పాలు వచ్చేదాకా పైకి పైకి కోస్తూ వెళ్లండి. జానెడు ముక్కలను నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి, కోత మీద పొర కట్టాక పొడి ఇసుకలో గుచ్చండి. వారం దాకా నీళ్లు వద్దు. పచ్చి కోతతో నాటిన ముక్క కుళ్లిపోతుంది. ఇది మూడోసారికి గానీ నాకు తలకెక్కలేదు.

పాలు కంట్లో పడకుండా చూసుకోండి. పడితే నలపకుండా చాలాసేపు నీళ్లతో కడిగి, వైద్యుడికి చూపించండి.

తీగ పాకడం లేదు

కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఊతం వెతుక్కుంటుంది. దానికి నులితీగలు ఉండవు, కాడే చుట్టుకోవాలి. లావుపాటి స్తంభాన్ని చుట్టలేదు. సన్నని వెదురు పుల్ల గానీ పురికొస గానీ ఇవ్వండి. ఇనుప తీగ మే ఎండకు కాలి లేత కొసను మాడ్చేస్తుంది.

పుల్ల ఇచ్చినా చుట్టుకోకుండా, కాడలు గుత్తులుగా లేచి పొదలా నిలబడుతుంటే మీకు దొరికింది సోమలత కాకపోవచ్చు. కాడజెముడును ఈ పేరుతో అంటగట్టడం నాకే ఒకసారి జరిగింది. దాని పాలు కంటికి ఇంకా ప్రమాదం.

కొసల మీద పసుపు చుక్కల్లా పురుగులు

నల్ల కాళ్లున్న పసుపు పేనుబంక. జిల్లేడు మీదా గన్నేరు మీదా కనిపించేది ఇదే. మందు కొట్టే ముందు కుండీ మూతికి పాలిథిన్ కవరు కట్టి, పొద్దున్నే నీటి ధారతో కడిగేయండి. రోజు విడిచి రోజు మూడుసార్లు చేస్తే చాలావరకు పోతుంది. మిగిలితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. కణుపుల దగ్గర తెల్లగా దూదిలా ఉంటే పిండినల్లి. తడి గుడ్డతో తుడిచినా వస్తుంది.

పూలు లేవు

ఎండ చాలడం లేదు. కాడలు పాలిపోయి, కణుపుల మధ్య దూరం పెరిగితే అది కూడా అందుకే. ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా రెండు వారాల్లో మెల్లగా అలవాటు చేయండి. తెల్లని చిన్న నక్షత్రాల్లాంటి పూలు గుత్తులుగా వస్తాయి, మంచి వాసన. అన్నీ కాయ కట్టవు, అది జబ్బు కాదు. కాయ కడితే పండకముందే దానికి పలుచని గుడ్డ సంచీ కట్టండి. లేకపోతే ఒక మధ్యాహ్నం అది పగిలి, దూది తోకల గింజలన్నీ పక్కింటి మిద్దె మీదికి ఎగిరిపోతాయి.