డోంగ్ వాన్ గుట్టల్లో చేతులు కడిగే క్యాన్ కట్టడం

వియత్నాం ఉత్తరపు కొసన, చైనా సరిహద్దు వెంట ఉన్న డోంగ్ వాన్ పీఠభూమికి ఆరోగ్య ప్రచారం కోసం వెళ్లేవాళ్లు పెట్టెలకొద్దీ సబ్బులు మోసుకెళ్తుంటారు. అక్కడ అసలు కరువు నీళ్లకు. నేలంతా సున్నపురాయి, కురిసిన వాన కురిసినట్టే బండల సందుల్లోకి దిగిపోతుంది. చలికాలం మొదలైతే చాలా ఊళ్లలో నీళ్లు దూరం నుంచి మోసుకురావాల్సిందే. అలా తెచ్చుకున్న నీళ్లతో చెంబులకు చెంబులు చేతులు కడగమంటే ఎవరూ కడగరు. కాలితో తొక్కితే సన్నధార పడే క్యాన్ కట్టిస్తే కడుగుతారు.

వెళ్లేముందు రెండు పనులు. సరిహద్దు ప్రాంతం కాబట్టి విదేశీయులు పోలీసుల అనుమతి పత్రం తీసుకోవాలి, కమ్యూన్ (కొన్ని ఊళ్లు కలిసిన పాలనా విభాగం) పాలక కమిటీకీ కబురు పెట్టాలి. తర్వాత ఊరి ఆరోగ్య కార్యకర్తను కలవండి. అక్కడుండే హ్మోంగ్ తెగలో పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి వియత్నామీ రాదు, మాట ఆ కార్యకర్త నోటే వెళ్లాలి. మాత్రలు మాత్రం పంచొద్దు. వైద్యం కావాల్సినవాళ్లను కమ్యూన్ ఆరోగ్య కేంద్రానికి పంపండి.

కట్టే పద్ధతి ఇది. రెండు మీటర్ల పంగల కర్రలు రెండు తీసుకుని, 70 సెంటీమీటర్ల ఎడంతో, అర మీటరు లోతున పాతండి. ఖాళీ అయిన 5 లీటర్ల వంటనూనె క్యాన్‌ను బాగా కడిగి, మూతకు 12 సెంటీమీటర్ల కింద, పక్కగోడకు, కాల్చిన మేకుతో 2 మిల్లీమీటర్ల చిల్లి పెట్టండి. మూతకు ఇంకో చిల్లి పెట్టి తాడు దూర్చి, లోపలివైపు ముడి వేయండి. క్యాన్ పిడిలోంచి అడ్డకర్ర దూర్చి పంగల మీద పెట్టండి. తాడు రెండో కొసను నేలమీది తొక్కుడు కర్రకు కట్టండి. క్యాన్‌లో చిల్లికి కాస్త కిందివరకు నీళ్లు పోసి తొక్కితే క్యాన్ వంగి ధార పడాలి, కాలు తీస్తే ఆగాలి. ధార పడేచోట చిన్న గుంట తవ్వి గులకరాళ్లు నింపండి, లేదంటే వారంలో బురదమడుగు అవుతుంది, పందులు అక్కడే పొర్లుతాయి.

ఎక్కువగా చెడేది చిల్లి. మేకు లావైతే క్యాన్ మధ్యాహ్నానికే ఖాళీ, నింపే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. తాడు పొడుగు ఎక్కువైతే కర్ర ఎంత తొక్కినా క్యాన్ వంగదు. సబ్బుకు చిల్లి పెట్టి వేలాడదీసి, పైన సగానికి కోసిన సీసా బోర్లిస్తే వానకు కరగదు. బడి దగ్గర సబ్బు నిలవదు. అక్కడ లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల డిటర్జెంట్ పొడి కలిపిన సీసా పెట్టడం మేలు.

ఏం చెప్పాలన్నదీ చూసుకోవాలి. మనలా అన్నం చేత్తో కలుపుకునే ఊళ్లు కావవి. జొన్నపిండి కాదు, మొక్కజొన్న పిండి ఆవిరిమీద ఉడికించిన మెన్‌మెన్‌ను చెంచాతో తింటారు. అందుకని ‘తినేముందు’ అన్న ఒక్క మాట సరిపోదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, పసిబిడ్డ ముడ్డి కడిగాక, పందులకు కుడితి పెట్టాక, వంటకు కూర్చునేముందు అని విడదీసి, క్యాన్ దగ్గరే నిలబడి చేసి చూపించండి.

గుమ్మం ముందు పచ్చి ఆకుల కట్ట వేలాడుతుంటే ఆ ఇంట్లోకి అడుగు పెట్టొద్దు. మన గుమ్మానికి మామిడాకులు రమ్మన్నట్టు కాదు, అక్కడ అది పరాయివాళ్లు రావద్దన్న గుర్తు. పురుడో పూజో జరిగి ఉంటుంది.

నెల తర్వాత చెప్పకుండా వెళ్లండి. కడుగుతున్నారా అని అడిగితే అవుననే అంటారు, గులకరాళ్లు తడిగా ఉన్నాయో, సబ్బు అరిగిందో చూడండి.