ఇంట్లో జపాన్ నాబే: మొదటి దాషి నుంచి చివరి అన్నం వరకు

జపాన్‌లో చలి మొదలైతే భోజనాల బల్ల మధ్యకు ఒక చిన్న గ్యాస్ పొయ్యి, దాని మీదికి మూతగల మట్టిపాత్ర వచ్చి చేరతాయి. ఆ పాత్రలో కూరగాయలు, మాంసం, చేప, టోఫు ఉడుకుతుండగానే చుట్టూ కూర్చున్నవారు ఎవరికి కావలసినది వారు గిన్నెల్లోకి తీసుకుని తింటారు. ఈ వంటకమే నాబే. ఫుకుఓకా నగరంలోని హకాతా ప్రాంతానికి పేరు తెచ్చిన మిజుతాకి అనే కోడి మాంసపు నాబే మొదలుకొని ఇందులో ఎన్నో రకాలున్నాయి. తొలిసారి వండేవారికి మాత్రం, దొరికిన పదార్థాలతో సర్దుకునే యోసెనాబే అనువైనది. దీనికి గొప్ప నేర్పు అవసరం లేదు కానీ, ఏది ముందు వేయాలో, ఏది చివరికి ఉంచాలో, రసాన్ని మొదట ఎంత చప్పగా వదిలేయాలో తెలిసి ఉండాలి.

ఈ వంటకు వాడే మట్టిపాత్రను దొనాబే అంటారు. మియె ప్రిఫెక్చర్‌లోని ఇగా దొనాబేలు ప్రసిద్ధమైనవి. అక్కడి మట్టిలో సన్నని రంధ్రాలు ఎక్కువ కాబట్టి పాత్ర నిదానంగా వేడెక్కి, పొయ్యి ఆర్పిన తరువాత కూడా చాలాసేపు వేడిని నిలుపుకుంటుంది. ఆ రంధ్రాల వల్లనే, కొత్త పాత్రలో ముందుగా నీళ్లు పోసి కొంచెం అన్నం వేసి, సన్నని సెగ మీద గంజిలా కాచి, పూర్తిగా చల్లారాక కడగాలి. గంజి రంధ్రాలను పూడ్చి నీరు ఊరకుండా చేస్తుంది. అడుగు తడిగా ఉండగా పొయ్యి మీద పెట్టినా, వేడి పాత్రలో చన్నీళ్లు పోసినా దొనాబే పగిలే ప్రమాదముంది. అది లేనివారు మందపాటి ఇనుప పాత్రను నిశ్చింతగా వాడుకోవచ్చు. బల్లమీది పొయ్యికి గ్యాస్ డబ్బా అమర్చే రకమైతే, డబ్బా ఉన్న భాగాన్ని కప్పేంత వెడల్పు పాత్రను దానిపై పెట్టకూడదు. డబ్బా వేడెక్కి పేలవచ్చు. గదిలోకి గాలి ఆడేలా చూసుకోవడం కూడా తప్పనిసరి.

నాబేకు ప్రాణం దాషి, అంటే ముక్కలన్నీ ఉడికే మూల రసం. నలుగురికి 1.5 లీటర్ల నీటిలో 15 గ్రాముల కొంబు అనే ఎండబెట్టిన సముద్రపు నాచును అరగంట నానబెట్టాలి. కొంబు మీద తెల్లని పొడిలా కనిపించేది రుచినిచ్చే పదార్థమే కాబట్టి దానిని కడిగేయకుండా, దుమ్ము పోయేలా తడిబట్టతో పైపైన తుడిస్తే చాలు. తరువాత సన్నని సెగ మీద వేడిచేసి, పాత్ర అడుగున చిన్న బుడగలు లేవగానే కొంబును తీసేయాలి. మరిగేదాకా ఉంచితే జిగురు దిగి, వాసన మారుతుంది. అప్పుడు నీటిని ఒక పొంగు రానిచ్చి, పొయ్యి ఆర్పి, 30 గ్రాముల కత్సుఓబుషి, అంటే పొగబెట్టి ఎండించిన బొనీటో చేప తురుము, వేయాలి. రెండు నిమిషాల్లో తురుము అడుగుకు దిగుతుంది. పలుచని బట్టలో వడకట్టి, పిండకుండా వదిలేయాలి. కొంబు రుచికి మూలం గ్లూటమేట్ అని జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాఎ ఇకెదా 1908లో గుర్తించారు. కత్సుఓబుషిలో ఉండేది ఇనోసినేట్. ఈ రెండూ కలిసినప్పుడు రుచి విడివిడిగా ఉన్నప్పటికన్నా ఎన్నో రెట్లు బలపడుతుంది. అందుకే ఏదో ఒకదానితో సరిపెట్టుకోకుండా రెండూ వాడమని నా సలహా.

వడకట్టిన దాషిలో సోయా సాస్, మిరిన్ (వంటలో వాడే తియ్యని బియ్యపు మద్యం), సాకే (బియ్యపు మద్యం) 45 మిల్లీలీటర్ల చొప్పున కలిపి రెండు నిమిషాలు మరిగించాలి. నాలుక మీద వేసుకుంటే ఉప్పు కొంచెం తక్కువే అనిపించాలి. బల్ల దగ్గర రసం మరుగుతూ ఇగిరిపోతుంది కాబట్టి మొదటే సరిపోయిన ఉప్పు చివరికి ఎక్కువవుతుంది.

పావు హకుసాయి, అంటే పొడవాటి చైనా క్యాబేజీ, నాలుగు వందల గ్రాముల కోడి తొడ మాంసం, ఒక టోఫు దిమ్మ, షిటాకే, ఎనోకి పుట్టగొడుగులు, లావుపాటి ఉల్లికాడలు నలుగురికి సరిపోతాయి. హకుసాయి కాడలను, ఆకులను వేరుచేసి పెట్టుకోవాలి, రెండూ ఒకేసారి ఉడకవు. కాడలను కత్తి ఏటవాలుగా పట్టి కోస్తే కోసిన ముఖం వెడల్పై రసం బాగా పడుతుంది. టోఫులో మెత్తటి రకం గరిటె తగిలితే చితుకుతుంది కనుక గట్టి రకమే మేలు. కాడ్ చేపను కలిపేటట్లయితే ముక్కలకు ఉప్పు రాసి పావుగంట ఉంచి, వేడినీళ్లు పోసి వెంటనే చన్నీళ్లలో కడిగితే నీచు పోతుంది.

రసం మరిగాక ముందుగా కోడి మాంసం, హకుసాయి కాడలు, షిటాకే వేయాలి. పైకి తేలే తెట్టును చిల్లుల గరిటెతో తీసేస్తే రసం తేటగా ఉంటుంది. మాంసం తెల్లబారాక చేప, టోఫు, ఉల్లికాడలు. చివరగా ఆకులు, ఎనోకి. పచ్చిమాంసం వేసే చాప్‌స్టిక్స్‌తో ఎవరూ తినకూడదు, మాంసం లోపలి గులాబిరంగు పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఏ ముక్క ఎప్పుడు తీయాలో అందరికీ ఆజ్ఞలిచ్చేవారిని జపాన్‌లో ‘నాబే బుగ్యో’ అని, అంటే నాబే న్యాయాధికారి అని, ఆటపట్టిస్తారు; అయినా తొలిసారి వండేటప్పుడు అలాంటివారు ఒకరుండడమే మంచిది. అన్నింటినీ ఒకేసారి కుమ్మరించక, తిన్నకొద్దీ కొత్తవి వేస్తూ పోవాలి. నంజుకోవడానికి పోన్‌జు, అంటే సోయా సాస్‌లో యుజు వంటి పుల్లని పండు రసం కలిపినది, తురిమిన ముల్లంగితో ఇస్తే చాలు.

ముక్కలన్నీ అయ్యాక మిగిలే రసంలో దాషి, కోడి, పుట్టగొడుగుల సారమంతా ఉంటుంది కాబట్టి దానిని పారబోయడం నాబేను సగంలో వదిలేయడమే. మిగిలిన తునకలను ఏరి, అర లీటరు రసానికి 300 గ్రాముల అన్నాన్ని చన్నీళ్లలో కడిగి వేయాలి. కడగకపోతే జావలా ముద్దకడుతుంది. రెండు మూడు నిమిషాలు ఉడికాక రుచి చూసి, అవసరమైతే ఇప్పుడే ఉప్పు కలిపి, గిలక్కొట్టిన రెండు గుడ్లను సన్నని ధారగా చుట్టూ పోసి, పొయ్యి ఆర్పి మూత పెట్టాలి. నిమిషం తరువాత, గుడ్డు మెత్తగా గడ్డకట్టగానే, తరిగిన ఉల్లికాడలు చల్లి వడ్డించాలి. అన్నం వద్దనుకుంటే ఉడికించిన ఉదోన్, అంటే లావుపాటి గోధుమ నూడుల్స్, వేసుకోవచ్చు, అప్పుడు గుడ్డు అవసరం లేదు.