గేము కొనే ముందు ఆన్‌లైన్ సంగతి తేల్చుకోవడం ఎలా

కొత్త గేము కొనబోయేవారిలో చాలామంది మొదట అడిగేది అందులో ఆన్‌లైన్ మల్టీప్లేయర్, అంటే ఇంటర్నెట్ మీద ఇతరులతో కలిసి ఆడే వీలు, ఉందా లేదా అని. ఒంగోలులోనో కావలిలోనో కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణంలో కాసేపు నిలబడితే, ఆన్‌లైన్ లేని గేము వారానికే మొహం మొత్తుతుందని పిలకాయలు ఒకరికొకరు చెప్పుకోవడం వినిపిస్తుంది. నేనైతే ఆ మాటను సగమే ఒప్పుకుంటాను. తెలిసినవారితో ఆడగలిగితే ఆన్‌లైన్‌ను మించిన కాలక్షేపం లేదు గానీ, తోడు లేనివారికి, ఇంటర్నెట్ లైను నిలకడగా లేనివారికి అది డబ్బిచ్చి తెచ్చుకున్న చికాకే. మీరు ఏ కోవకు వస్తారో కొనకముందే తెలుసుకోవచ్చు.

ముందుగా మీతో ఆడబోయేవారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన ఆ మనిషి దేని మీద ఆడతాడో, రాత్రి ఎన్ని గంటలకు తీరిక దొరుకుతుందో కూడా రాయండి. బెంగళూరులో ఉద్యోగం చేసే బావ ప్లేస్టేషన్ అనే సోనీ గేము యంత్రం మీద, నెల్లూరులో మీరు కంప్యూటర్ మీద ఆడేవారైతే జీటీఏ ఆన్‌లైన్‌లో మీరిద్దరూ కలవలేరు, ఎందుకంటే ఆ గేములో ఒక యంత్రం మీది ఆటగాళ్లు మరో రకం యంత్రం మీదివారితో కలిసే వీలు లేదు. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్ వంటివాటిలో ఆ అడ్డు లేదు. అమెరికాలో ఉన్న స్నేహితుడి పేరు రాసేటప్పుడు గడియారం కూడా చూసుకోవాలి. మనకు రాత్రి పది అయ్యేసరికి న్యూయార్కులో పట్టపగలు, అంటే అతనికి ఆఫీసు వేళ, కనుక మీ ఆట శని, ఆదివారాలకే పరిమితమవుతుంది. ఇన్ని వడపోతల తరువాత కూడా కాగితం మీద ఇద్దరు ముగ్గురు మిగిలితే ఆన్‌లైన్ మీకు నిజంగా పనికివస్తుంది. ఎవరూ మిగలకపోతే మీరు ఆడవలసింది ముక్కూ ముఖం తెలియనివారితో, అందులోనూ రోజంతా అదే పనిగా ఆడేవారితో. ఉద్యోగమో వ్యాపారమో చూసుకుని వచ్చి రాత్రి గంటసేపు ఆడుకునే మనిషికి ఆ పోటీలో ఓటమి, మైకులో తిట్లు తప్ప దక్కేది తక్కువ. అలాంటివారు కథ ఉన్న గేము కొనుక్కోవడమే మేలని నా సలహా.

రెండో పరీక్ష ఇంటికి వచ్చే లైనుది. ఆపరేటరు వంద ఎంబీపీఎస్ వేగం ఇస్తున్నాడా, రెండు వందలు ఇస్తున్నాడా అన్నది ఆటకు పెద్దగా పట్టదు. కొత్త అప్‌డేట్లు దించుకునేటప్పుడు పదుల జీబీలు ఖర్చయినా, ఆట నడుస్తున్నంతసేపూ వాడే డేటా వీడియో చూడడానికి అయ్యేదానికంటే చాలా తక్కువ. ఆటకు ముఖ్యమైనది పింగ్, అంటే మీరు మీట నొక్కిన సంగతి సర్వరుకు, అంటే గేమును నడిపే కంపెనీ కంప్యూటరుకు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కనుక, 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వరుకు వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు (సెకనులో వెయ్యోవంతులు) కావాలి. దారిలోని మలుపులు, మధ్యలోని యంత్రాలు మరికొంత కలుపుతాయి. సర్వరు చెన్నైలోనో ముంబైలోనో ఉన్న గేము మన జిల్లాల నుంచి హాయిగా ఆడవచ్చు, సింగపూరుదైతే సర్దుకుపోవచ్చు. యూరప్‌లో మాత్రమే సర్వర్లున్న గేములో గురిచూసి కాల్చే ఆట ఆడితే పింగ్ సాధారణంగా వంద మిల్లీసెకన్లు దాటుతుంది. మీ తెర మీద మీరు గోడ చాటుకు చేరిన తరువాత కూడా గుండు తగిలి పడిపోతుంటారు.

లైనును పరీక్షించడానికి రాత్రి తొమ్మిది గంటల వేళను, అంటే వీధిలో అందరూ నెట్టు వాడుతున్న సమయాన్ని ఎంచుకోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అన్న ఇంగ్లీషు మాట, ఒక ఖాళీ, 8.8.8.8, మళ్లీ ఒక ఖాళీ, ఆ తరువాత హైఫన్, టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే టైమ్ అన్న మాట పక్కన పింగ్ అంకెలు వరుసగా పడుతూ ఉంటాయి. పది నిమిషాలు వదిలేసి, కంట్రోల్, సి కలిపి నొక్కి ఆపండి. 32, 34, 31, 33 అని సాగితే లైను బాగున్నట్టే. 33, 35, 290, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అన్న వాక్యం, మళ్లీ 34 అని పడితే మాత్రం సగటు ఎంత తక్కువగా కనిపించినా ఆ లైను మీద పోటీ ఆటలు ఆడలేరు. అప్పుడు ఆపరేటరును తప్పుపట్టే ముందు వైఫైని పక్కనపెట్టి, నెట్టు బాక్సు (రౌటరు) నుంచి కంప్యూటరుకు లాన్ కేబుల్ తగిలించి మళ్లీ చూడండి. గోడ అవతల గదిలో ఆడేవారి బాధల్లో చాలావరకు ఆ తీగతోనే తీరిపోతాయి. బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్రలైటు వెలిగితే ఫైబర్ ఎక్కడో తెగిందో ఊడిందో అని అర్థం చేసుకుని, బాక్సును పదేపదే రీస్టార్ట్ చేయకుండా ఆపరేటరుకు ఫోను చేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలో మన తీరానికి ఈ అవస్థ, దానితోపాటు కరెంటు కోత తప్పవు గనుక, ఆ నెలల కోసమైనా నెట్టు లేకుండా నడిచే గేము ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.

ఇక కొనేవారిలో ఎక్కువమంది పట్టించుకోని సంగతి సర్వరు ఆయుష్షు. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమును ఒంటరిగా ఆడాలన్నా కంపెనీ సర్వరుకు కలవవలసిందే. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపివేయడంతో, డిస్కు కొని అలమరలో దాచుకున్నవారికి కూడా గేము లేకుండా పోయింది. సోనీ వారి కాన్‌కార్డ్ 2024 ఆగస్టు 23న విడుదలై, సెప్టెంబరు 6న మూతపడింది. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారన్నది వేరే సంగతి. ఫోను గేముల్లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. దీనికి భిన్నంగా, ప్లేస్టేషన్ 3 మీద జీటీఏ ఆన్‌లైన్‌ను 2021 డిసెంబరులో ఆపివేసినా, జీటీఏ 5 కథ భాగాన్ని ఆ పాత యంత్రం మీద ఇప్పటికీ ఆడుకోవచ్చు. అందువల్ల స్టోరు పేజీలో సింగిల్ ప్లేయర్ అన్న మాట ఉన్నంత మాత్రాన తృప్తిపడకుండా, నిరంతరం ఇంటర్నెట్ ఉండాలన్న షరతు కింద ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఆ షరతు ఉన్న గేముకు పూర్తి ధర పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పని వస్తువుకు అద్దె లెక్కనే ఇవ్వాలి.

ప్లేస్టేషన్ వాడేవారికి ఇంకో ఖర్చు ఉంది. కొనుక్కున్న గేమును ఆన్‌లైన్‌లో ఆడడానికి సాధారణంగా పీఎస్ ప్లస్ చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ వంటి ఉచిత గేములకు అక్కరలేదు. ఏడాది చందాను కాగితం మీది పేర్లతో భాగించి చూసుకుంటే సంగతి బోధపడుతుంది.

నలుగురితో కలిసి ఆడడానికి ఆన్‌లైన్ ఒక్కటే దారి అనుకోనవసరం లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరానికి, ఆ గొడవంతా గదిలోని కంప్యూటర్లను తీగలతో కలిపే లాన్ మీదే నడిచిందని గుర్తుండే ఉంటుంది. సంక్రాంతికి బావలూ మరదళ్లూ ఇంటికి చేరినప్పుడు ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే గేము ఉంటే ఒకరు ఆడడం, ఆరుగురు వెనక నిలబడి చూడడం జరుగుతుంది. అలాంటి ఇంటికి కావలసింది ఒకే తెరను పంచుకునే గేములు, అదనంగా ఒక కంట్రోలరు. ఫుట్‌బాల్ గేములు, స్టార్‌డ్యూ వ్యాలీ ఇందుకు సరిపోతాయి. ఇట్ టేక్స్ టూ అయితే అసలు ఇద్దరు లేనిదే మొదలుకాదు. దానిలో ఒకరు కొంటే, దూరాన ఉన్న రెండోవారు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా చేరవచ్చు. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని రిమోట్ ప్లే టుగెదర్ కూడా ఇంచుమించు ఇదే సౌకర్యం ఇస్తుంది గానీ, అందులో మీ తెర వీడియోగా అవతలివారికి వెళ్తుంది కనుక మీ అప్‌లోడ్ స్పీడు బాగుండాలి.

ఇంకా సందేహం తీరకపోతే స్టీమ్‌లో కొని పరీక్షించండి. కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడిగితే డబ్బు తిరిగి ఇస్తారు. ఆ రెండు గంటలను పగలు ఒంటరిగా మెనూలు తిప్పుతూ వృథా చేయకండి. కాగితం మీద మిగిలినవారిని పిలిచి, మీరు మామూలుగా ఆడే రాత్రి వేళకే, మీ ఇంటి లైను మీదే ఆడండి. సెట్టింగులలో పింగ్ చూపించే వీలుంటే ఆన్ చేసి పెట్టుకోండి. గంటన్నర దగ్గర ఆపి, కొనసాగించాలా వద్దా అని వాళ్లనే అడగండి, వద్దంటే ఆ రాత్రే రీఫండుకు పెట్టేయండి.