నలుగురిలో మాట్లాడాలంటే టెన్షనా? ముందు మీ స్వభావం చూసుకోండి

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిస్తుంటాను. పరకాల, నర్సంపేట, ములుగు బస్సులు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. "మేడమ్, నాకు మాట్లాడాలంటే భయం" అంటారు. ఎక్కడ, ఎవరితో అని అడుగుతాను.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర మీద గట్టిగా వాదించే పిల్లగాడు గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పడు. అతనికి మాటలు రాక కాదు. అందుకే ముందు మెక్‌క్రోస్కీ అనే అమెరికన్ ప్రొఫెసర్ తయారుచేసిన 24 వాక్యాల ప్రశ్నావళి చేయిస్తాను. ఇద్దరి మధ్య మాట, చిన్న గ్రూపు, మీటింగ్, స్టేజీ ప్రసంగం: ఒక్కోదానికి ఆరు వాక్యాలు. మొత్తం స్కోరు 24 నుంచి 120 దాకా ఉంటుంది. 80 దాటితే భయం ఎక్కువున్నట్టు. నేనైతే మొత్తం కన్నా విడివిడి స్కోర్లే చూస్తాను. ఏది ఎక్కువ వస్తే ప్రాక్టీస్ అక్కడే మొదలు.

ఇక స్వభావం. ఈ భయంతో ముఖ్యంగా ముడిపడినవి రెండు: అంతర్ముఖత్వం (గుంపులో కన్నా తనలో తాను ఉండటమే ఇష్టపడటం), ఊరికే ఆందోళనపడే గుణం. రెండూ ఒకటి కాదు. పెళ్లిలో ఓ మూల కుర్చీలో హాయిగా కూర్చుని, తిని, ఇంటికొచ్చి నిద్రపోయే పిల్లను "కలివిడిగా ఉండు" అని సతాయించకండి. తనకు వైద్యం అక్కర్లేదు. గ్రూప్ డిస్కషన్‌కి కొంచెం ముందే వెళ్లి, మొదటి ముగ్గురిలో ఒకరిగా మాట్లాడేస్తే చాలు.

మాట్లాడాలని ఉండి కూడా గుండె దడతో ఆగిపోయి, "అట్ల ఎందుకన్నాను" అని రాత్రంతా తలచుకునేవాళ్లకు మెట్లు కావాలి. కాజీపేట స్టేషన్ ఎంక్వైరీలో రైలు టైమ్ అడగండి. ఫోన్‌లో ఉంటుంది, తెలుసు, అయినా అడగండి. తర్వాత బట్టల షాపులో సైజు మార్చమనడం, క్లాసులో ఒక ప్రశ్న, ఆపైన సెమినార్. ఒక మెట్టు మీద దడ తగ్గాకే పై మెట్టు. స్టేజీ ఎక్కేముందు "శాంతించు" అనుకోవడం కన్నా "నాకు హుషారుగా ఉంది" అని పైకి అనుకోవడం నయం. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో అలా అనుకున్నవాళ్లే మెరుగ్గా ప్రసంగించారు.

ఒక్క తప్పూ రాకూడదని పంతం పట్టేవాళ్లు స్పీచంతా బట్టీ పడతారు. ఒక్క పదం జారితే అంతా పోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం గుర్తుంటే చాలు.

ఇంగ్లిష్ భయాన్ని మాత్రం స్వభావం లెక్కలో వేయకండి. అది అలవాటు లేకపోవడం. ముందు మన యాసలోనే చెప్పించండి, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకోవచ్చు.

భయంతో పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎగ్గొడుతుంటే మాత్రం నా క్లాసు సరిపోదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం పోలేకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం. ఎదురుగా మనిషి ఉండరు కాబట్టి మా పిల్లలకు అదే తేలిక.