పెరటి పాఠం – 5: నిమ్మా, నందివర్ధనమా?

పోయిన పాఠంలో తడిమట్టిని పిడికిట్లో పట్టి ఉండ కట్టి చూశాం. ఉండ గట్టిగా నిలబడితే రేగడి, వేళ్ల సందుల్లోంచి జారిపోతే ఇసుక. ఆ పని చెయ్యనివాళ్లు ఒకసారి పెరట్లోకి వెళ్లొచ్చి ఈ పాఠం చదవండి. ఐదు నిమిషాల పనే.

ఈసారి లెక్క ఒక్క గుంత గురించి. ఇంట్లో ఒక్క మొక్కకే చోటుంది. కాయ కాసే చెట్టు పెట్టాలా, ఏడాదంతా పచ్చగా ఉండే పొద పెట్టాలా? ఉలవపాడు మామిడి ఎంత ఊరించినా రెండు సెంట్ల ఇంట్లో ఆ చెట్టు పట్టదు. అందుకని కాయ తరఫున నిమ్మను, పొద తరఫున నందివర్ధనాన్ని తీసుకుంటున్నాను. నిజానికి నిమ్మ కూడా ఆకు రాల్చి మోడయ్యే చెట్టు కాదు. కాబట్టి పచ్చదనం ఒక్కటే చూసుకుంటే రెండిటికీ పెద్ద తేడా లేదు. తేడా నేల కింద ఉంది.

ముందు గుంత పరీక్ష. మొక్క పెట్టాలనుకున్న చోట అడుగున్నర లోతు తవ్వండి. సాయంత్రం నిండా నీళ్లు పొయ్యండి. అవి ఇంకాక మళ్లీ నింపి పడుకోండి. మొదటిసారి పోసిన నీళ్లను పొడి మట్టి గబగబా తాగేస్తుంది, దాన్ని నమ్మకూడదు. రెండోసారి పోసినవి తెల్లారేసరికి పూర్తిగా ఇంకిపోతే ఆ చోట నిమ్మ బతుకుతుంది. ఇంకా జానెడు నిలిచి ఉంటే నిమ్మ ఆశ వదులుకోవాలి, లేదా మట్టి పోసి దిబ్బ కట్టి దాని మీద పెట్టాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజులు ముసురే. నిమ్మ మే ఎండకు వాడిపోయినా ఒక తడి ఇస్తే తేరుకుంటుంది. వేళ్ల చుట్టూ నీళ్లు నిలిస్తే మాత్రం తేరుకోదు. వేరుకూ గాలి కావాలి. అది అందకపోతే కుళ్లు తెగులు ఎక్కుతుంది. పొదలకూరు వైపు ఎర్ర నేలల్లో నిమ్మ అంత బాగా రావడానికి ఒక కారణం అక్కడ నీరు దిగిపోవడమే. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఉన్నవాళ్లు ఈ పరీక్ష తప్పించుకోకండి.

నేను తప్పించుకున్నాను. కావలిలో ఇల్లు కట్టుకున్న కొత్తల్లో, విడిగా నీళ్లు పోసే పని తప్పుతుందని అంట్లు తోమే గట్టు పక్కనే నిమ్మ పెట్టాను. రెండేళ్లు ఏపుగా పెరిగింది. మూడో ఏడు ముసురు వెలిసాక చూస్తే మొదట్లో బెరడు చీలి, తుమ్మజిగురులాంటి బంక కారుతోంది. ఆకులు పసుపెక్కాయి. నత్రజని తక్కువైందనుకుని యూరియా వేశాను, అది రెండో తప్పు. సంక్రాంతికల్లా ఎండిపోయింది. పీకి, ఒక వేరు పట్టుకుని లాగితే పైపొర తడి కాగితంలా ఊడి చేతికొచ్చింది, లోపల సన్నటి పుల్ల మిగిలింది. కుళ్లిన వేరంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత పెట్టిన చెట్టుకు రెండు వలయాల పాదు చేశాను. మొదలు చుట్టూ అడుగు దూరంలో ఒక గట్టు, ఆకుల నీడ పడేంత దూరంలో ఇంకొక గట్టు. నీళ్లు ఆ రెండు గట్ల మధ్యే పొయ్యాలి, మొదలు తడవకూడదు. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు.

నందివర్ధనానికి ఇంత హంగామా అక్కర్లేదు. పెన్సిలంత లావున్న కొమ్మ ముక్క గుచ్చినా బతుకుతుంది. రోజుల తరబడి నీళ్లు నిలిస్తే దానికీ మంచిది కాదు గానీ, మట్టి విషయంలో నిమ్మ అంత పేచీ పెట్టదు.

రెండో పరీక్ష నీళ్లది. సముద్రం వైపు ఊళ్లలో చాలా బోర్లలో ఉప్పు నీళ్లే పడతాయి. నోట్లో వేసుకుంటే తెలుస్తుంది, బకెట్ అంచున తెల్ల పొర కట్టినా తెలుస్తుంది. నిమ్మజాతి ఏదీ ఉప్పుకు ఓర్వదు. ఆకు కొస మాడిపోవడం మొదలవుతుంది. రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన అంటు కొంత తట్టుకుంటుంది, నర్సరీలో అడిగి చూడండి. మరీ ఉప్పైతే నందివర్ధనాన్నీ పక్కన పెట్టి గన్నేరుకు పోవడం మేలు. కాకపోతే గన్నేరు చెట్టంతా విషం. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టను.

ఎండ సంగతి చిన్నదే. నిమ్మకు రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా పడే ఎండ ఉండాలి. నందివర్ధనం పక్కింటి మేడ నీడలో కూడా ఉంటుంది, పూలు కాస్త తగ్గుతాయి.

ఇక రాబడి. విత్తనపు మొక్కయితే నిమ్మ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పూత వచ్చాక కాయ చేతికి రావడానికి ఇంకో ఐదారు నెలలు. మధ్యలో లాభమేదైనా ఉందంటే, మజ్జిగలో నలిపి వేసుకోవడానికి నాలుగు ఆకులు. నందివర్ధనం ఏడాది తిరక్కుండానే పూస్తుంది. నేను రెండోసారి నిమ్మ తెస్తానంటే మా అమ్మ అడ్డం పడింది. "నిమ్మకాయలు బజార్లో ఎప్పుడైనా దొరుకుతాయి నాయనా. తెల్లారి నాలుగింటికి పూజకు పూలు ఎక్కడ దొరుకుతాయి?" ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. చివరికి పెరట్లో నిమ్మ, గేటు పక్కన ముద్ద నందివర్ధనం పెట్టుకుని రాజీ పడ్డాం. గేటు పక్కన ఎందుకంటే, పాలు కారే ఆ ఆకును మేకలు ముట్టవు. నిమ్మ చిగురైతే వదలవు.

పురుగు రెండిటికీ పడుతుంది. నిమ్మ లేత ఆకు మీద పక్షి రెట్టలాంటిది కనిపిస్తే తుడిచెయ్యకుండా దగ్గరగా చూడండి. అది సీతాకోకచిలుక పిల్లపురుగు. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. చిన్న చెట్టుకు మందు అక్కర్లేదు, చేత్తో ఏరేస్తే చాలు. నందివర్ధనం మీద వేలంత లావు పచ్చపురుగు వస్తుంది, మెడ దగ్గర నీలి కళ్లలాంటి రెండు మచ్చలుంటాయి. చూసి భయపడతారు గానీ కుట్టదు. రాత్రికి రాత్రి ఒక కొమ్మ బోడి చేస్తుంది, పొద పది పదిహేను రోజుల్లో మళ్లీ చిగురేస్తుంది. నిమ్మ లేతమొక్క ఆ దెబ్బకు ఒక సీజను వెనకబడుతుంది.

నన్ను అడిగితే, నీరు ఇంకే నేల, తీపి నీళ్లు, ఆరు గంటల ఎండ మూడూ ఉంటే నిమ్మే పెట్టండి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నందివర్ధనం. రెండున్నర ఉన్నాయి కదా, సర్దుకుంటుందిలే అనుకుని నిమ్మ పెట్టినవాళ్లే నర్సరీకి మళ్లీ మళ్లీ తిరుగుతుంటారు.

ఈ వారం అభ్యాసం: గుంత తవ్వి, రెండుసార్లు నీళ్లు పోసి, ఉదయం ఆరింటికి ఎన్ని అంగుళాలు మిగిలాయో స్కేలు పెట్టి కొలవండి. ఆ అంకె కాగితం మీద రాసుకోండి. నర్సరీలో మొక్కను ఎంచుకునే ఆరో పాఠానికి ఆ కాగితం దగ్గరుండాలి.