ఇండియా ప్రయాణానికి ముందు సాలమాండర్ పెట్టె సర్దుకోండి: ఎండాకాలం జాగ్రత్తలు

హ్యూస్టన్‌లో మే నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి ఇండియాకి సూట్‌కేసులు సర్దడం. రెండోది, మనం లేని నెలన్నర ఏసీ ఎంతలో పెట్టి వెళ్ళాలో లెక్కలేసుకోవడం. ఇంట్లో పెంపుడు సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) ఉంటే ఆ రెండో లెక్కే దాని ప్రాణం. 2022లో మేము థర్మోస్టాట్‌ని 85 ఫారెన్‌హీట్‌కి పెట్టి విమానం ఎక్కాం. తిండి పెట్టడానికి వచ్చే స్నేహితురాలు తొమ్మిదో రోజు ఫోన్ చేసింది: "వదినా, ఇది మట్టిలోకి పోవట్లేదు, పగలంతా నీళ్ళ గిన్నెలోనే పడుంటోంది, పెట్టిన వానపాము అలాగే ఉంది." ఆ ఫోన్ వచ్చేసరికే ఆలస్యమైపోయింది. మా అబ్బాయి అప్పటికి మూడేళ్ళుగా పెంచుతున్నాడు దాన్ని. మా వాడు పడ్డ బాధ ఇంకో పిల్లాడు పడకూడదని ఇది రాస్తున్నాను.

మన ఆంధ్రా, తెలంగాణల్లో సాలమాండర్లు లేవు. ఇండియాలో డార్జిలింగ్, సిక్కిం లాంటి కొండ ప్రాంతాల్లో ఉండే హిమాలయన్ న్యూట్ అనే సాలమాండర్ చట్టం కాపాడుతున్న జీవి, దాన్ని పట్టి పెంచే ఆలోచనే వద్దు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్‌లో ఎక్కువగా కనిపించే టైగర్ సాలమాండర్ గురించే. బల్లిలా కనిపించినా ఇది కప్పకి చుట్టం. పొలుసులుండవు, ఒళ్ళంతా తడి తోలు. నీళ్ళు పీల్చుకునేది ఆ తోలుతోనే, ఊపిరి కూడా కొంత దానితోనే. సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్ళు దాటి బతుకుతుంది.

దానికి హాయిగా ఉండేది 60 నుంచి 70 ఫారెన్‌హీట్ మధ్య, అంటే సుమారు 15 నుంచి 21 సెల్సియస్. 75 దాటి రోజుల తరబడి ఉంటే అలసిపోతుంది, తిండి మానేస్తుంది. మనం 78లో పెట్టుకున్న ఏసీ మనకి చల్లగానే ఉంటుంది, దానికి కాదు. పైగా గాజుపెట్టె మీద లైటు వెలుగుతుంటే లోపలి వేడి గది కంటే ఇంకా పెరుగుతుంది. అందుకని పెట్టె పెట్టే చోటు ముందు చూసుకోండి. మేడ మీద గది వద్దు, వేడంతా పైకే చేరుతుంది. కింది అంతస్తులో, టైల్స్ నేల ఉన్న చోట, ఏ కిటికీ ఎండా తగలని మూల మంచిది. గరాజ్ ఊసే వద్దు. బల్లులకీ తాబేళ్ళకీ పెట్టే వేడి బల్బు దీనికి అసలు అక్కర్లేదు, మొక్కల కోసం చిన్న ఎల్‌ఈడీ చాలు.

గాజు మీద అంటించే స్టిక్కర్ థర్మామీటర్‌ని నమ్మకండి. వైరు చివర ప్రోబ్ (వేడిని కొలిచే మొన) ఉండే డిజిటల్ థర్మామీటర్ కొని, ఆ ప్రోబ్‌ని రెండు మూడు అంగుళాల లోతున మట్టిలో పాతండి. జంతువు ఉండేది అక్కడే కదా. రోజులో అత్యధిక వేడిని గుర్తుపెట్టుకునే రకమైతే ఇంకా మంచిది. ప్రయాణానికి మూడు వారాల ముందే, మీరు ఊళ్ళో ఉండగానే, వెళ్ళాక ఏసీ ఎంతలో ఉంచాలనుకుంటున్నారో అంతలో రెండు రోజులు పెట్టి ఆ అంకె చూడండి. 72 దాటిందంటే ఏసీ అంకె ఇంకా తగ్గించాల్సిందే. కరెంటు బిల్లు పెరుగుతుంది, నిజమే. అంత బిల్లు భరించలేం అనుకుంటే, ఏసీ నడిచే స్నేహితుల ఇంటికి పెట్టెతో సహా పంపించండి.

ఇక పెట్టె లోపలి అమరిక. ఒక్క జంతువుకి 20 గ్యాలన్ల పొడుగు పెట్టె సరిపోతుంది. ఎత్తు కంటే నేల ముఖ్యం. అడుగున లెకా పేరుతో అమ్మే కాల్చిన మట్టి గుళికలు రెండంగుళాలు, దాని మీద దోమతెర లాంటి జాలీ, ఆ పైన మట్టి ఐదారు అంగుళాలు. ఇది నేలలో బొరియలు చేసుకునే జీవి, లోతు తగ్గితే వేడి రోజున దాక్కోవడానికి చోటుండదు. మట్టికి కొబ్బరిపొట్టు, ఎరువు కలపని తోటమట్టి సగం సగం కలుపుతాను. కొబ్బరిపొట్టు ఇటుకల్లో ఒక్కోసారి ఉప్పు మిగిలి ఉంటుంది, రెండు మూడు సార్లు నానబెట్టి పిండి వాడండి. ఎరువు గుళికలూ తెల్ల పెర్లైటూ కలిపిన కుండీ మట్టి వద్దు. తడి సరిపోయిందో లేదో చెయ్యే చెబుతుంది: పిడికిట్లో బిగిస్తే సున్నుండలా కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. ఒక పక్క తడి ఎక్కువగా, ఇంకో పక్క తక్కువగా ఉంచితే తనకి కావలసిన చోటు అదే చూసుకుంటుంది. మట్టి నుంచి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అడుగున నీళ్ళు నిలిచిపోయాయని. ఆ మట్టి మొత్తం తీసి మార్చేయండి.

అందం కోసం రాళ్ళు పెడతారు. బరువైన రాయి మట్టి మీద కాదు, అడుగు గాజు మీద ఆనాలి. ముందు రాయి పెట్టి తర్వాత చుట్టూ మట్టి పోయండి. లేకపోతే అది రాయి కింద తవ్వుకుంటూ పోతుంది, ఓ రాత్రి రాయి కుంగి దాని మీద పడుతుంది. చిన్న గులకరాళ్ళు పురుగుతో పాటు మింగేస్తుంది, పేగులో అడ్డం పడతాయి. మొక్కల్లో మన మనీప్లాంటే మేలు, ఎంత పెకిలించినా బతుకుతుంది. నర్సరీ మొక్కల మీద పురుగుమందు ఉంటుంది. ఆకులు కడిగి, వేళ్ళ మట్టి మొత్తం దులిపి, కొన్ని వారాలు విడిగా ఉంచాకే లోపల నాటండి.

నీళ్ళ సంగతి. చాలా ఊళ్ళ కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరమిన్ అనే మందు కలుపుతారు, అది రాత్రంతా బకెట్లో ఉంచినా పోదు. అక్వేరియం దుకాణంలో దొరికే డీక్లోరినేటర్ చుక్కలు వేయాల్సిందే. గిన్నె లోతు తక్కువ, ఎక్కి దిగడానికి వీలుగా ఉండాలి.

మన ఇళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. పెట్టె ఉన్న గదిలో సాంబ్రాణి, అగరుబత్తి, దోమల మందు, రూమ్ ఫ్రెషనర్ వద్దు. మూడు నెలలకోసారి వచ్చే పెస్ట్ కంట్రోల్ వాళ్ళకి ఆ గది వదిలేయమని ముందే చెప్పండి. లోషన్, శానిటైజర్, కొబ్బరినూనె ఉన్న చేత్తో ముట్టుకోవద్దు. తప్పనిసరైతే పౌడర్ లేని గ్లవ్స్ తడిపి వేసుకోండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వకండి. ఇక టెక్సాస్ ఎర్రచీమలు. స్టాండ్ కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, అమ్మమ్మ వాళ్ళు మిఠాయి డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టేవాళ్ళే, అదే పద్ధతి. చీమల మందు మాత్రం చల్లకండి.

కరెంటు పోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని వీధుల్లో వారం దాటినా రాలేదు. జూన్ 1 నుంచే ఫ్రీజర్‌లో ఆరేడు నీళ్ళ సీసాలు గడ్డ కట్టించి ఉంచండి. ఏసీ ఆగిపోతే చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి నాచు వేసి జంతువుని అందులో పెట్టి, ఆ డబ్బాని ఐస్‌చెస్ట్‌లో, గుడ్డ చుట్టిన ఒక సీసా పక్కన ఉంచండి. మూత కొంచెం తెరిచి ఉండాలి. వేడెక్కిన జంతువుని ఐసునీళ్ళలో ముంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి, మెల్లమెల్లగా చల్లబరచాలి.

ఇంకొకటి. చూసుకోలేకపోతున్నాం, వెళ్ళేముందు చెరువు గట్టున వదిలేద్దాం అనుకుంటే దయచేసి ఆగండి. చేపలకి ఎర కోసం తెచ్చి వదిలిన టైగర్ సాలమాండర్లు కాలిఫోర్నియాలో అక్కడి సొంత జాతితో కలిసిపోయి, ఈనాటికీ ఆ జాతికి ముప్పుగా ఉన్నాయి. రోగాలు కూడా అలాగే పాకుతాయి. సాలమాండర్లని చంపే బీసాల్ అనే ఫంగస్ భయంతోనే 2016లో అమెరికా 20 ప్రజాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది. వదిలేసే బదులు, పెంచడం తెలిసినవాళ్ళకి అప్పజెప్పండి.

చూసుకునేవాళ్ళకి చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి: వారానికి రెండు సార్లు వానపాము, మిగిలింది మర్నాడు తీసేయాలి, నీళ్ళు రోజు విడిచి రోజు మార్చాలి, ప్రోబ్ అంకె రోజూ ఫోటో తీసి పంపాలి. 74 చూపిస్తే మీకు అర్ధరాత్రి అయినా సరే ఫోన్ చేయమనండి. పగలు పైకొచ్చి గాజు గోడలెక్కుతున్నా, గిన్నెలోంచి కదలకపోయినా అంతే. ఉభయచరాల్ని చూసే పశువైద్యుల నంబరు కూడా ఆ చీటీ మీదే రాయండి, అందరు వెట్‌లూ వీటిని చూడరు.